గాజుముక్కల దండ

తెలుగులో గాజు అన్న మాట ఒక్కటే. చేతికి తొడుక్కునేదీ గాజే, అది దేనితో తయారయిందో ఆ పదార్థమూ గాజే. హిందీవాళ్ళకి కాంచ్ వేరు, చూడీ వేరు. మనకి ఆ తేడా లేదు. లాంతరు చిమ్నీ, సోడాసీసా, కిటికీ రెక్కలో బిగించిన పలక, వీటన్నిటినీ ఆడదాని ముంజేతి మీది వస్తువు పేరుతోనే పిలుస్తాం. ఆ ముంజేతి వస్తువుని మాత్రం మట్టిగాజు అంటాం. నిజానికి అందులో ఉన్నది ఇసుకా, సోడా, సున్నమూ. బంగారపుది కాదు, చవకరకం అని చెప్పడానికి మట్టి అన్నారు. పేరు పెట్టడంలోనే వెల కట్టేశారు.

అద్దం సంగతీ ఇలాంటిదే. ముఖం చూసుకునేదీ అద్దమే, ఫొటోకి ముందు బిగించేదీ అద్దమే. ఒకటి ఎదురుగా ఉన్నవాళ్ళని చూపిస్తుంది, ఇంకోటి లోపలున్నవాళ్ళని చూపించాలి. నిఘంటువు దగ్గర కూచుంటే ఇదంతా అయోమయంగా ఉంటుంది గాని, కెమెరా పట్టుకుని పాత పటం ముందు నిలబడితే భాష ఎంత సరిగ్గా ఉందో తెలుస్తుంది. లోపలి మనిషిని తీద్దామని పోతే ముందు మన ముఖమూ, మన వెనకున్న కిటికీ, ఆ కిటికీలో కొబ్బరిచెట్టూ పడతాయి.

కోనసీమలో స్త్రీల పాత ఉత్తరాలూ రాతలూ వెతుకుతూ అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు తిరిగేటప్పుడు, ఇళ్ళలో గోడల మీదున్న ఫొటోలకి నకళ్ళు తీసుకోవడం మొదలుపెట్టాను. రాతలు దొరికిన ఇళ్ళు తక్కువ. ఫొటోలు దొరికిన ఇళ్ళు కాస్త ఎక్కువ. ఆ ఫొటోల ముందున్న అద్దాలు, ఆ ఫొటోల్లో చేతులకున్న గాజులు, అవి వేలాడే గదుల గుమ్మాలకి ఆడవాళ్ళు అల్లి కట్టిన పూసల తోరణాలు, గాజుముక్కల దండలు మాత్రం ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక రూపంలో ఉన్నాయి. వాటిని ఎవరూ చరిత్రకి ఆధారాలని అనుకోలేదు. ఈ వ్యాసం వాటి గురించి.

ఫొటోగ్రఫీ పుట్టిన తొలి రోజుల్లోనే గాజుని ఫొటో తీశారు. ఇంగ్లండులో విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ 1844లో విడుదల మొదలుపెట్టిన ‘ది పెన్సిల్ ఆఫ్ నేచర్’ అనే పుస్తకం మొదటి భాగంలోనే, అరల మీద వరసగా పేర్చిన గాజు సామాను బొమ్మ ఒకటుంది. దాని ముందు బొమ్మ పింగాణీ సామానుది. ఆ పింగాణీ బొమ్మ దగ్గర టాల్బట్ ఒక మాట అంటాడు. ఈ సామానుని దొంగ ఎత్తుకుపోతే, ఈ బొమ్మని కోర్టులో సాక్ష్యంగా చూపించవచ్చునట. ఇంటి సామాను ఫొటో అంటే మొదట వచ్చిన ఆలోచన ఆస్తి జాబితా అన్నమాట. జాబితా ఇంటి యజమానిది. ఆ గ్లాసులు పగలకుండా రోజూ తుడిచి పెట్టిన పనిమనుషులు ఆ అరల దగ్గర లేరు. ఫొటో తీసేముందు కూడా ఎవరో తుడిచే ఉంటారు. గాజు మీద వేలిముద్ర పడితే బొమ్మలో తెలిసిపోతుంది.

గాజు లేకుండా ఫొటో చరిత్రే లేదు. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ చెప్పిన తడి కొలోడియన్ పద్ధతిలోనూ, 1870ల తర్వాత వచ్చిన జెలటిన్ పొడి ప్లేట్లలోనూ నెగెటివ్ గాజు పలకే. మన స్టూడియోల్లో ఆ పలకలు చాలాకాలం నడిచాయి. మన పెద్దవాళ్ళ తొలి ఫొటోలు గాజు మీద తలకిందులుగా పుట్టి, కాగితం మీద నిలబడి, మళ్ళీ గాజు వెనక్కి చేరాయి.

ఆ పలకలతో ఒక చిక్కుంది. ఫొటోల్లో స్త్రీల జీవితం చదవాలనుకునేవాళ్ళు దాన్ని తెలుసుకోవాలి. పాత ప్లేట్లకి ఎరుపు కనపడదు. మొదటివాటికి నీలమే పడేది. ఆ తర్వాతవాటికి నీలంతోపాటు ఆకుపచ్చ కూడా. ఎరుపుని కూడా పట్టే పాంక్రొమాటిక్ ప్లేట్లు 1906లో అమ్మకానికి వచ్చాయి గాని, వాటిని కటిక చీకట్లో కడగాలి. ఎర్రదీపం వెలుతుర్లో కడిగేటప్పుడు చూసుకుంటూ పనిచేసే అలవాటున్న స్టూడియోవాళ్ళకి పాతవే సుళువు. దాంతో ఏమైందంటే, కుంకుమబొట్టు నల్లచుక్క అయింది. నీలంచీర తెల్లచీర అయింది. ఎర్రగాజులు నల్లగాజులయ్యాయి. చామనఛాయ చెయ్యి కూడా ఆ ప్లేటు మీద నల్లగానే పడుతుంది కాబట్టి, ఆ చేతి మీద ఎర్రగాజులు ఒక్కోసారి చేతిలో కలిసిపోయి అసలు లేనట్టే ఉంటాయి.

మన సమాజంలో ఇది చిన్న విషయం కాదు. చేతికి గాజులున్నాయా లేవా అన్నదాన్నిబట్టి ఒక మనిషి జీవితంలో ఏ కాలపు ఫొటోయో నిర్ణయించేస్తారు. తెల్లచీర, బోసిచేతులు కనపడగానే ‘ఇది ఆయన పోయాక తీసింది’ అనేస్తారు ఇంట్లోవాళ్ళు. ఆ చీర నీలం కావచ్చు. ఆ చేతులకి ఎర్రగాజులు ఉండి ఉండవచ్చు. నేను చేసే పని ఏమిటంటే భూతద్దం పెట్టి మెరుపులు లెక్కపెట్టడం. గాజు గుండ్రటి, నునుపైన వస్తువు. ఏ రంగుదైనా సరే, స్టూడియో కిటికీ వెలుతురు దాని మీద సన్నటి తెల్లగీతగా పడుతుంది. రంగు పోయినా ఆ గీత పోదు. ముంజేతి మీద ఒకదాని కింద ఒకటి వెంట్రుకవాసి తెల్లగీతలు వరసగా ఉంటే అక్కడ గాజులున్నట్టే. ఇలా లెక్కపెట్టి చూస్తే, ‘విధవగా ఉన్నప్పటి ఫొటో’ అని తరాలుగా ఇంట్లో చెప్పుకునే ఒక పటంలో ఆవిడ చేతికి తొమ్మిది గీతలు కనిపించాయి. మనవరాలికి చూపిస్తే చాలాసేపు మాట్లాడలేదు. ‘అయితే మామ్మ నవ్వుతోందన్నమాట’ అంది తర్వాత. అంతకుముందు కూడా ఆ ముఖంలో నవ్వుంది. చీర తెల్లగా ఉందని ఎవరూ దాన్ని నవ్వు అనుకోలేదు.

స్టూడియోలో చేతులు ఎలా పెట్టించారన్నది కూడా చూడాలి. మగవాడి చేతిలో పుస్తకమో, కర్రో, కుర్చీ వీపో ఉంటుంది. ఆడవాళ్ళ చేతులు మోకాళ్ళ మీద చాపి, గాజులు కెమెరాకి కనపడేట్టు ఉంటాయి. కాగితం మీద అచ్చయ్యాక రంగులద్దేవాళ్ళు మళ్ళీ ఆ చేతుల దగ్గరికే వచ్చి ఆకుపచ్చా, ఎరుపూ, పసుపూ పూసేవారు. లేని వంకీలు, లేని కంటెలు కుంచెతో వచ్చిన ఫొటోలు నేను చాలానే చూశాను. అవి అబద్ధాలని కొట్టిపారెయ్యడం నాకిష్టం లేదు. ఆ ఇంటి కోరిక ఏమిటో వాటిలో చక్కగా ఉంటుంది. కాకపోతే కోరిక ఎవరిదన్నది ఫొటోలోని మనిషిని అడగలేం.

ఫొటో తీయించుకోవడానికి ఇష్టపడని ఆడవాళ్ళ సంగతి వచ్చేసరికి కోనసీమలో అందరూ డొక్కా సీతమ్మగారి కథే చెబుతారు. 1841లో మండపేటలో పుట్టి, డొక్కా జోగన్నగారిని పెళ్ళాడి లంకల గన్నవరం వచ్చి, వేళాపాళా లేకుండా వచ్చినవాళ్ళందరికీ అన్నం వండిపెట్టి 1909లో కన్నుమూసిన మనిషి. ఏడో ఎడ్వర్డు పట్టాభిషేకానికి ఆమెకి ఆహ్వానం వచ్చిందనీ, ఇల్లు వదిలి రానన్నారనీ, పోనీ ఫొటో అయినా పంపమంటే దానికీ ఒప్పుకోలేదనీ, ఫొటో పంపకపోతే తన ఉద్యోగం పోతుందని అధికారి బతిమాలితే, ఒక మనిషి కూడు పోకూడదని కూచున్నారనీ కథ. పట్టాభిషేక సభలో ఆ ఫొటోని కుర్చీలో పెట్టి గౌరవించారనే దగ్గర కథ ముగుస్తుంది. అందరికీ ఆ ముగింపే ఇష్టం. నాకు మాత్రం మధ్యలో ఉన్న ‘ఒప్పుకోలేదు’ అన్న చోటే ఆగాలనిపిస్తుంది. ఆమె ఎందుకు వద్దన్నారో ఎవరూ చెప్పరు. వినయం అనేస్తారు. వంటింట్లో ఎన్ని వందలమందికి వండినా చూడ్డానికి ఎవరూ రాని పనికి, ఉన్నట్టుండి దూరదేశపు రాజు గుర్తు తెచ్చుకుని ముఖం పంపమంటే, వద్దనడానికి వినయం తప్ప ఇంకో కారణం ఉండకూడదా? 1852-53లో కట్టిన పాత గన్నవరం అక్విడక్టు పక్కన కట్టిన కొత్తదానికి ఇప్పుడు ఆమె పేరే ఉంది. ఆ ఫొటో నుంచి వచ్చిన బొమ్మలు ఊరూరా ఉన్నాయి. ఆమె వండిన గిన్నెల ఫొటో ఒక్కటీ నేనెక్కడా చూడలేదు.

ఇక పటాల సంగతి. కోనసీమ గాలిలో ఎప్పుడూ తడే. మూడు వైపులా గోదావరి పాయలు, నాలుగో వైపు సముద్రం. మన పటాలు కట్టేవాళ్ళు అద్దం, దానికానించి ఫొటో, వెనక అట్ట, ఆ వెనక మేకులు, ఇంతే పెడతారు. అద్దానికీ ఫొటోకీ మధ్య ఖాళీ వదలరు. జెలటిన్‌కి తడి తగిలితే మెత్తబడి జిగురవుతుంది. మళ్ళీ ఎండినప్పుడు అద్దాన్ని పట్టుకునే ఎండుతుంది. రెండు మూడు వానాకాలాలు గడిచేసరికి బొమ్మ అద్దానికి అంటుకుపోతుంది. తెలియక వెనక అట్ట తీసి కాగితం లాగితే, కాగితం ఒట్టిది చేతికొస్తుంది, ముఖం అద్దం మీదే ఉండిపోతుంది. చేయదగ్గదల్లా లాగకుండా అద్దంలోంచే నకలు తీసుకోవడం.

1986 ఆగస్టులో గోదావరికి ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చినప్పుడు లంకల్లో ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. 1996 నవంబరు 6 తుఫానులో కొబ్బరిచెట్లతోపాటు పైకప్పులూ పోయాయి. ఈ రెండిటి మధ్యా పోయిన ఫొటోలకి లెక్క లేదు. పోయినవన్నీ నీళ్ళవల్లే పోలేదు. పగిలిన అద్దం ఇంట్లో ఉంటే అరిష్టమని మనవాళ్ళ నమ్మకం. పటం గోడ మీంచి పడి అద్దం చిట్లితే, ఫొటో తీసి కొత్త అద్దం వేయించాలి. అద్దానికి అంటుకుపోయిన ఫొటో తీయడం కుదరదు. అందుకని అద్దంతో సహా కాలవలో వేసేశారు. ఎవరి ఫొటోకి డబ్బు పెట్టి నకలు తీయించారు, ఎవరిది కాలవలో వేశారు అని అడుగుతూ వెళ్ళాను. తాతగారిది నకలు తీయించారు. మామ్మది కూడా తాతగారి పక్కన కూచున్నది ఉంటే మిగిలింది. మామ్మా, ఆవిడ అక్కచెల్లెళ్ళూ కలిసి దిగినది, పెళ్ళికాని మేనత్త ఒక్కతే దిగినది, ఇవి కాలవలోకి వెళ్ళాయి. కుటుంబంలో ఎవరి జ్ఞాపకానికి ఎంత ఖర్చు పెట్టవచ్చన్నది పితృస్వామ్యం ఏ శాసనమూ రాయకుండానే ఇలా నిర్ణయిస్తుంది.

పటం ఉండటమే ఒక హోదా అన్న సంగతి మర్చిపోకూడదు. నేనిప్పటిదాకా చెప్పినవి చాలావరకు కొబ్బరితోటలున్న ఇళ్ళ ఫొటోలు. దళితపేటల్లో నేను వెళ్ళిన చాలా ఇళ్ళలో పాత ఫొటో అంటే అంబేడ్కర్ పటమే, పక్కన ఒకోచోట క్రీస్తు పటం. అమ్మమ్మ ఫొటో లేదు. ఆవిడకి ఉన్న ఒకే ఒక్క ఫొటో 1990లలో వచ్చిన ఓటరు కార్డు మీదిది. అందులో మెడ దాకానే ఉంటుంది. చేతులుండవు, గాజులుండవు, పొలంలో పనిచేసిన వేళ్ళుండవు. 2022 మే 24న జిల్లా పేరులో అంబేడ్కర్ పేరు చేర్చడం మీద అమలాపురంలో ఇళ్ళు తగలబెట్టిన తర్వాత నేను వెళ్ళిన ఒక పేటలో, ఒకావిడ పటం అద్దాన్ని చీరకొంగుతో తుడుస్తూ, ‘మా ఇంట్లో బాబాసాహెబు ఫొటో అద్దం ఎప్పుడూ పగల్లేదండి, ఆయ్’ అంది. మెచ్చుకోలుగా అందో, ఇంకేదయినా మనసులో పెట్టుకుని అందో నేను అడగలేదు.

ఆ ఇళ్ళనుంచే చాలామంది ఆడవాళ్ళు కువైట్, మస్కట్ ఇళ్ళల్లో పనికి వెళ్ళారు. రాజోలు, మలికిపురం వైపు కొత్తగా కట్టిన డాబా ఇళ్ళలో గోడంత షోకేసులు కనిపిస్తాయి. వాటిలో అక్కణ్ణించి తెచ్చిన పూలసీసాలు, బంగారు అంచు గాజు గ్లాసులు, హంసలు. ఎవరూ వాటిలో తాగరు. ఏళ్ళ తరబడి ఇంకొకరి ఇంట్లో అలాంటి గ్లాసులు కడిగిన మనిషి, తన ఇంట్లో వాటిని కడగక్కర్లేని చోట పెట్టుకుంది. టాల్బట్ అరల బొమ్మ పక్కన నా దగ్గరున్న ఈ షోకేసు ఫొటో పెట్టి చూస్తూ ఉంటాను. దీనిలో మూలగా ఆవిడ నీడ కూడా పడింది. దాన్ని తీసెయ్యలేదు.

అద్దం వెనకున్నదాన్ని తీసే కిటుకు గురించి రెండు మాటలు చెబుతాను, ఇళ్ళలో ఫోను కెమెరాతో నకళ్ళు తీసుకునేవాళ్ళకి పనికొస్తుంది. ఫ్లాషు వాడకూడదు. పటాన్ని గోడ మీంచి దింపకుండా ఎదురుగా నిలబడి, మన వెనక ఏదయినా పెద్ద నల్లగుడ్డ పట్టించుకుంటే అద్దంలో పడేది ఆ నలుపే గనక లోపలి బొమ్మ తేలుతుంది. నల్లచీర అడిగితే చాలా ఇళ్ళలో లేదన్నారు, ఉన్నా పెద్దవాళ్ళ ఫొటోల ముందు పట్టడానికి ఒప్పుకోలేదు. నల్లగొడుగుకి ఎవరికీ అభ్యంతరం లేదు. మామ్మలూ, కోడళ్ళూ, కాలేజీ పిల్లలూ నా వెనక గొడుగులు తెరుచుకుని నిలబడి తీయించిన ఫొటోలు నా దగ్గర చాలా ఉన్నాయి. గొడుగు లేనప్పుడు అద్దానికి ఏటవాలుగా నిలబడి పోలరైజరు తిప్పాలి. అద్దానికి ఎదురు నిలిచే గీత నుంచి యాభై అయిదు డిగ్రీల ఒరుగులో మెరుపు బాగా తగ్గుతుంది, కాకపోతే ముఖం కాస్త సాగినట్టు వస్తుంది. పూసల తోరణాలకీ గాజుముక్కల దండలకీ లెక్క తిరగబడుతుంది. ఎదురు వెలుతుర్లో అవి మురికి పట్టిన పెంకుల్లా కనిపిస్తాయి. గుమ్మానికి అవతల ఎండ ఉండగా ఇవతల చీకట్లోంచి తీస్తే వెలుతురు వాటిలోంచి వస్తుంది. అప్పుడే ఏ ముక్క ఏ రంగో తెలుస్తుంది.

గాజులు ఎక్కణ్ణించి వచ్చాయన్నది ఇంకో కథ. ఆంధ్రదేశంలో చేతితో గాజు చేసే సంప్రదాయం లేకపోలేదు. చిత్తూరు వైపు పాపానాయుడుపేటలో, కొలిమిలో కరిగిన గాజుని పొడవాటి గొట్టంలా లాగి, ముక్కలు కోసి పూసలు చేసే పద్ధతిని పీటర్ ఫ్రాన్సిస్ అనే పూసల పరిశోధకుడు వివరంగా రాశాడు. అరికమేడు తవ్వకాల్లో దొరికిన పూసల పద్ధతీ ఇదేనన్నాడు. కాని పంతొమ్మిదో శతాబ్దం చివరికి మన ఆడవాళ్ళ చేతికెక్కిన గాజుల్లో చాలాభాగం ఓడల మీద వచ్చినవే. బొహీమియాలో గాబ్లోంజ్ చుట్టుపక్కల ఊళ్ళలో మన చేతుల కొలతలకి, మన ఇష్టాల రంగులకి గాజులూ పూసలూ చేసి పంపేవారు. మొదటి ప్రపంచయుద్ధంతో ఆ సరుకు ఆగింది. జపాన్‌ది వచ్చింది. ఆ తర్వాత ఆగ్రా దగ్గరి ఫిరోజాబాద్ నిలదొక్కుకుంది. ఏ దేశం గాజైనా మన ఊళ్ళోకి వచ్చింది మాత్రం గాజుల శెట్టి భుజం మీది మలారంలోనే. లేకపోతే అంతర్వేది తీర్థంలో, జగ్గన్నతోట ప్రభల తీర్థంలో దుకాణాల వరసలో. చేతిని నూనెతో మెత్తజేసి, వేళ్ళు దగ్గరికి నొక్కి గాజు ఎక్కించే ఆ శెట్టి, పరాయి మగవాడు పట్టుకోవడానికి వీలున్న ఒకే ఒక్క సందర్భం అది. దాని మీద ఎంత హాస్యం, ఎంత శృంగారం రాసుకున్నారో సాహిత్యం చదివినవాళ్ళకి తెలుసు. ఎక్కించేటప్పుడు గాజు చిట్లి కోసుకుపోయిన చేతుల మీద మాత్రం అంత సాహిత్యం లేదు.

బెంగాల్ స్వదేశీ ఉద్యమంలో విదేశీ గాజులు తీసి పారెయ్యమని స్త్రీలకి పాటలు కట్టి పాడారు. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చాక ఆ గాలి గోదావరి జిల్లాకీ తగిలింది. ఆడదాని చేతి గాజు పగిలితే భర్తకి కీడని నేర్పిన సమాజమే, దేశం కోసం దాన్ని పగలగొట్టమంది. గాజు ‘పగిలింది’ అనడానికి కూడా భయపడి ‘చిట్లింది’ అనే ఇల్లాలు దాన్ని ఎలా విని ఉంటుంది? ఇక ద్రాక్షారామంలో పుట్టి, చిన్నతనంలోనే వైధవ్యం వచ్చి, సహాయనిరాకరణలో 1922లో జైలుకెళ్ళిన దువ్వూరి సుబ్బమ్మగారు ఉన్నారు. స్వదేశీవాళ్ళు తీసెయ్యమన్న గాజులు ఆమె చేతినుంచి ఏనాడో తీసేశారు. ఆమెని ‘దేశబాంధవి’ అన్నారు. ఉపన్యాసాల్లో ఇప్పటికీ పౌరుషం లేని మగవాణ్ణి ‘గాజులు తొడుక్కో’ అంటారు. గాజులు తొడుక్కున్నవాళ్ళూ, తొడుక్కోనివ్వనివాళ్ళూ చేసిన ఉద్యమాల తర్వాత కూడా.

ఫిరోజాబాద్ పని ఎలా నడుస్తుందో తెలుసుకున్నాక మన ఇళ్ళలో గాజుముక్కల దండలు నాకు వేరేగా కనపడ్డాయి. కార్ఖానాలో మగవాళ్ళు కరిగిన గాజుని తిరిగే రోలరు మీదికి తీగలా సాగదీస్తారు. అది స్ప్రింగులా చుట్టుకుంటుంది. దాన్ని నిలువునా గీసి కోస్తే అతుకులేని చుట్లు విడివడతాయి. ఈ చుట్లు మూడువందలకు పైచిలుకు ఒక కట్టగా కట్టి ఇళ్ళకి పంపుతారు. ఇంట్లో ఆడవాళ్ళూ పిల్లలూ చిన్న మంట ముందు కూచుని, ఒక్కొక్కదాని కొసలు వేడిచేసి సమం చేసి అతుకుతారు. అక్కడ దీన్ని ‘జుడాయీ’ అంటారు. కూలి కట్టకింత. గాలి తగిలితే మంట కదులుతుందని కిటికీలు మూసుకుంటారు. తాజ్‌మహల్ పాలరాయి రంగు మారుతోందని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ ప్రాంతపు పరిశ్రమలని బొగ్గు నుంచి గ్యాసుకి మారమంది. మంచిదే. మూసిన గదుల్లో మంట ముందు కూచున్న ఆడపిల్లల ఊపిరితిత్తులకి పాలరాయికున్న విలువ రాలేదు. ఆ ఊరికి ‘సుహాగ్ నగరీ’ అని ముద్దుపేరు. సౌభాగ్యాల నగరం!

మనకి ఇది కొత్త కథ కాదు. సఖినేటిపల్లి రేవు దాటితే నర్సాపురం. అక్కడి లేసు అల్లే ఆడవాళ్ళ మీద మరియా మీస్ 1982లో వెలువరించిన పుస్తకం చెప్పిందీ ఇదే. విదేశాలకి వెళ్ళే సరుకు అల్లుతున్నా వాళ్ళని కార్మికులనలేదు, తీరిక వేళల్లో ఏదో చేసుకునే గృహిణులన్నారు, అందుకే కూలి అంత తక్కువ. గాజులకి మంటైతే లేసుకి సూది. ఇల్లు మాత్రం రెండుచోట్లా ఇల్లే.

మరి మన దండలు? తెలియనివాళ్ళకి చెబుతాను. చిట్లిన గాజుముక్కలు ఏరి పెట్టుకుని, సాయంత్రం కిరసనాయిలు బుడ్డి మీదో, కొవ్వొత్తి మీదో ముక్క నడుమ భాగం కాలేట్టు పట్టుకుంటే గాజు మెత్తబడి తనంతట తానే వంగుతుంది. రెండు కొసలూ కలిసే దాకా వంచి, దానిలోంచి రెండోదాన్ని దూర్చి మళ్ళీ వంచాలి. అలా గొలుసు. గొలుసులు చాలా అయ్యాక గుమ్మానికి తెరలా కట్టేవారు. వేళ్ళు కాలేవి, దీపపు మసి పట్టేది, చదువుకోకుండా ఇదేం పని అని తిట్లు పడేవి. అక్కడ కూలికి చేసే పనినే ఇక్కడి పిల్లలు ఆటగా చేశారు. అక్కడ ఏ ఆడపిల్లో మంట మీద అతికిన గాజు, ఇక్కడ ఒకరి చేతి మీద కొన్నాళ్ళుండి చిట్లి, మళ్ళీ ఇంకో ఆడపిల్ల మంట మీదికే వచ్చింది. ఇప్పుడెవరూ చెయ్యరు. ప్లాస్టిక్, లోహపు గాజులొచ్చాక ముక్కలు తగ్గాయి, కరెంటొచ్చాక దీపం తగ్గింది.

కొత్తపేట అవతల ఒక లంకగ్రామంలో అలాంటి దండ ఇంకా వంటింటి గుమ్మానికి ఉందంటే వెళ్ళాను. డెబ్భై అయిదు దాటిన పెద్దావిడ. ‘ఈ పెంకులకి ఫొటో ఏవిటే అమ్మాయ్, తియ్యాలంటే మా మనవరాలి పెళ్ళి ఆల్బం ఉంది చూడు’ అన్నారు. పెరట్లో ఎండ వాలేదాకా కూచున్నాను. వంటింట్లో దీపం ఆర్పించి, గుమ్మం ఇవతల నేల మీద కూచుని చూస్తే దండ వెలిగింది. ఎర్రవీ, వంగపండువీ, పసుప్పచ్చవీ కలిసి ఉన్నాయి. ఒక వరసలో మాత్రం నడుమ అన్నీ ఆకుపచ్చే.

‘ఇక్కడ ఒకటే రంగు పెట్టారేం మామ్మగారూ?’

ఆవిడ వెంటనే చెప్పలేదు. కాఫీ ఇచ్చి, గ్లాసు తీసుకెళ్ళి కడిగి బోర్లించి వచ్చాక చెప్పారు. అవి వాళ్ళక్కవి. అక్కకి పంతొమ్మిదేళ్ళప్పుడు బావగారు పోయారు. పదో రోజున రేవులో కూచోబెట్టి చేసిన తతంగం అంతా అయ్యాక, పెద్దవాళ్ళు ఇటు తిరిగినప్పుడు పన్నెండేళ్ళ ఈవిడ మెట్ల మీద పడ్డ ముక్కలు ఏరుకుని పరికిణీ చెంగున కట్టుకున్నారు. అలాంటివి ఇంట్లోకి తేకూడదని తెలుసు. గాదె కింద అగ్గిపెట్టెలో దాచారు. ఏడాది తర్వాత దండ చేసేటప్పుడు మిగిలినవాటి మధ్య కలిపేశారు.

‘పద్నాలుగు దొరికాయి. ఇంకా ఉండాలి, నీళ్ళల్లోకి పోయుంటాయి.’

‘మీ అమ్మగారు కనిపెట్టలేదాండి?’

‘అమ్మకి ముక్కలన్నీ ఒకటే.’

‘అక్కగారికి?’

‘తెలియకేం. ఈ గుమ్మంలోంచే కదా రోజంతా తిరిగేది. వెళ్ళినప్పుడల్లా చేత్తో ఇలా ఒకసారి కదిపి వెళ్ళేది. నేనెప్పుడూ చెప్పలేదు, అదీ ఎప్పుడూ అడగలేదు.’

అక్క నలభై ఏళ్ళు ఆ వంటిల్లు చూసుకుని పోయారట. ఆవిడ ఫొటో ఏదయినా ఉందా అని అడిగాను. పెళ్ళిఫొటో ఒకటుండేదనీ, ఎనభయ్యారు వరదలో తడిసి అద్దానికి అంటుకుంటే వదిన తీయబోయిందనీ చెప్పారు.

ఆ రోజు దండని పదకొండు ఫొటోలు తీశాను. అచ్చులో వెయ్యవద్దని ఆవిడ అన్నారు కాబట్టి ఈ వ్యాసంతో ఇవ్వడం లేదు. ఒక ప్రింటు మాత్రం తర్వాత తీసుకెళ్ళి ఇచ్చాను. పచ్చముక్కలు వేలితో లెక్కపెట్టి, పద్నాలుగూ ఉన్నాయని చూసుకుని, పటం కట్టిస్తానన్నారు. కట్టిస్తే అద్దానికీ ఫొటోకీ మధ్య చుట్టూ అట్టముక్క పెట్టించమని, ఎంత మందం ఉండాలో ఒక చీటీ మీద గీసి ఇచ్చి వచ్చాను.